సంక్రాంతి నాడు చార్జింగ్ క్యూలో

2024 సంక్రాంతి నాటికి మా మనవరాలికి ఇంకా వారం నిండలేదు. పుట్టింది అమెరికాలో, షికాగోకు పడమరగా నలభై మైళ్ల దూరంలో ఉండే అరోరాలో. అమ్మాయి పురుటికని నేను డిసెంబరులోనే హైదరాబాద్ అశోక్ నగర్ నుంచి బయలుదేరి వెళ్ళాను. ఆ పండగ పూట పసిగుడ్డుతో సహా నలుగురం విద్యుత్ కారులో, చార్జింగ్ స్టేషన్ ముందు కట్టిన క్యూలో గడిపాం. బయట ఆ తెల్లవారుజామున సున్నాకు కింద ఇరవై మూడు డిగ్రీలు.

ఈ మధ్య మా వీధిలో ఆకుపచ్చ నంబరు ప్లేటు బళ్ళు బాగా కనిపిస్తున్నాయి. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం విద్యుత్ వాహనాలకు రోడ్ టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు తీసేశాక మా అపార్ట్‌మెంట్‌లోనూ కొందరు కొన్నారు, ఇంకొందరు కొందామా అని ఆలోచిస్తున్నారు. "మీ అమ్మాయి వాళ్ళకు అక్కడ అదే కారు కదా ఆంటీ, ఎలా ఉంటుంది?" అని లిఫ్ట్ దగ్గర అడుగుతుంటారు. లిఫ్ట్ వచ్చేలోపు చెప్పే సంగతి కాదది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ చలి గురించి చెప్పాలి. హైదరాబాద్‌లో వాతావరణ శాఖ నమోదు చేసిన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు, 1946 జనవరిలో. మనకు పద్నాలుగుకు దిగితే చాలు, తెల్లారకుండానే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వచ్చే, గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు మంకీ క్యాపులు పెట్టుకుని టీ కొట్టు చుట్టూ మూగుతారు. అరోరాలో ఆ వారం 12వ తేదీ శుక్రవారం మంచు తుపాను పడింది. ఆ రోజే అమ్మాయినీ పాపనీ ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నాం. మర్నాటి నుంచి ధ్రువ ప్రాంతపు గాలి కిందికి దిగింది. భోగి, సంక్రాంతి, కనుమ... ఆ పండగ రోజుల్లో పాదరసం దాదాపుగా ఫారెన్‌హీట్ సున్నాకు కిందే ఉండిపోయింది. ఫారెన్‌హీట్ సున్నా అంటేనే మన లెక్కలో మైనస్ పద్దెనిమిది. గాలి విసురుతో కలిపితే ఒంటికి మైనస్ ముప్పై నాలుగు లెక్క. ఆ ఊరికి ఇది కొత్తేమీ కాదు. 1985 జనవరి 20న షికాగోలో మైనస్ ముప్పై మూడు దాకా వెళ్ళింది. కానీ 1985లో అక్కడ బళ్ళు దాదాపుగా అన్నీ పెట్రోలు బళ్ళే.

అలాంటి చలిలో బయట అడుగుపెడితే మొదట తెలిసేది చలి కాదు, నొప్పి. ముక్కుపుడక ఉన్నచోట సూదితో పొడిచినట్టనిపించింది. చెవి దుద్దులు తమ్మెలను కొరికాయి. బంగారం వేడిని చాలా త్వరగా లాగేస్తుంది, అది నాకు తెలిసిన శాస్త్రమే. ముప్పై ఏళ్లు నారాయణగూడలో ఓ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పినదాన్ని. అయినా ఒంటి మీద తెలిసినప్పుడు అది వేరే. వెనక్కి వెళ్ళి దుద్దులు, ముక్కుపుడక, గాజులు అన్నీ తీసి డబ్బాలో పెట్టి, మళ్ళీ బయటికి వచ్చాను. పండగ పూట, అందులోనూ బాలింత ఉన్న ఇంట్లో, అలా బోసి చెవులతో బయలుదేరడం నాకు చాలా కష్టంగా తోచింది.

అంత చలిలో పసిపిల్లను బయటికి ఎందుకు తీసుకెళ్ళారని ఇక్కడ అందరూ అడిగారు. మన ఇళ్ళల్లో అయితే పురుడు తీరేదాకా గడప దాటించం. కానీ పాపకు పచ్చకామెర్లు కనిపించాయి. పుట్టిన పిల్లల్లో చాలామందికి వస్తాయి, ఎక్కువమందికి వాటంతటవే తగ్గుతాయి. తగ్గనప్పుడు రక్తంలో బిలిరుబిన్ బాగా పెరిగితే మెదడుకు దెబ్బ తగిలే ప్రమాదం ఉంది. అందుకని పెరుగుతోందా తగ్గుతోందా అన్నది రోజూ మడమ దగ్గర సూదితో గుచ్చి రక్తం తీసి చూస్తారు. భోగి నాడు తీసిన రక్తంలో ముందురోజు కన్నా పెరిగింది. రేపు పొద్దున కచ్చితంగా తీసుకురమ్మన్నారు. సోమవారం అక్కడ మార్టిన్ లూథర్ కింగ్ పేరిట సెలవు, పిల్లల డాక్టరు క్లినిక్ మూసి ఉంటుంది. ఆసుపత్రి ల్యాబ్‌కే వెళ్ళాలి.

అక్కడి నియమం ఇంకొకటి ఉంది. శిశువును కారు సీటులో కట్టేటప్పుడు లావుపాటి చలికోటు వేయకూడదు. కోటు మందాన బెల్టు వదులుగా ఉండిపోయి, ప్రమాదం జరిగితే బిడ్డ జారిపోతుంది. పలచటి బట్టలతోనే బెల్టు బిగించి, పైన దుప్పటి కప్పాలి. మంచి నియమమే. కాకపోతే దానర్థం, కారు లోపల వెచ్చగా ఉండి తీరాలి.

ఇక బండి సంగతి. అల్లుడు దాన్ని కొని ఏడాది దాటింది. వాళ్ళుండేది అద్దె అపార్ట్‌మెంట్‌లో. బళ్ళు ఆరుబయట నిలుపుతారు, అక్కడ ప్లగ్ పాయింట్ లేదు. వారానికోసారి మాల్ దగ్గరున్న ఫాస్ట్ చార్జింగ్ స్టేషన్‌కు తీసుకెళ్ళి, సరుకులు కొనుక్కుని వచ్చేలోపు నింపుకునేవాడు. ఎండాకాలంలో, ఆకురాలే కాలంలో ఏ ఇబ్బందీ లేదని ఇద్దరూ చెప్పారు. నేను వెళ్ళిన కొత్తలో డిసెంబరులో కూడా బాగానే నడిచింది. అరోరా బాలాజీ గుడికి, నేపర్‌విల్‌లో స్నేహితుల ఇళ్ళకు అందులోనే తిరిగాం. చప్పుడు లేని ఆ కారంటే నాకు ఇష్టం కలిగింది.

భోగి సాయంత్రం ఆసుపత్రి నుంచి వచ్చి నిలిపినప్పుడు తెర మీద 46 శాతం చూపించింది. పొద్దున అల్లుడు ఫోన్‌లో చూస్తే 38. రాత్రంతా అది కదల్లేదు, ఎవరూ ముట్టుకోలేదు. 38 పక్కన నీలం రంగులో మంచుపువ్వు గుర్తు. ఉన్నదాంట్లోనూ కొంత బ్యాటరీ వేడెక్కేదాకా వాడుకోవడానికి లేదని దానర్థం. తలుపు పిడి బండి ఒంట్లోకి అమరి ఉండే రకం, దాని చుట్టూ మంచు గడ్డకట్టింది. అల్లుడు అరచేత్తో నాలుగు వైపులా తట్టి తట్టి ఊడదీశాడు. అరగంట ముందే ఫోన్ నుంచి హీటర్ వేశాడు కాబట్టి లోపల వెచ్చగా ఉంది. పాపను కట్టాం. ఆసుపత్రికి వెళ్ళాం, రక్తం తీశారు, ఫలితం వచ్చేదాకా కూర్చున్నాం. ఇంకాస్త పెరిగింది, కానీ కామెర్లు తగ్గించే నీలి దీపం కింద పెట్టాల్సిన గీతకు ఇంకా కిందే ఉంది. గంటన్నరకోసారి పాలు పట్టమన్నారు. రేపు మళ్ళీ తీసుకురమ్మన్నారు.

పార్కింగ్‌లోకి వచ్చేసరికి 24 శాతం. రేపు పొద్దున రావాలంటే ఈ రోజే నింపుకోవాలి. చార్జింగ్ స్టేషన్ ఇంటి దారిలోనే ఉంది. అక్కడికి చేరేసరికి 17.

దూరం నుంచే అర్థమైంది. మాల్ పార్కింగ్ చివర రెండు వరసల్లో చార్జర్లు, వాటి ముందు కార్ల బారు, ఆ బారు మలుపు తిరిగి రోడ్డు దాకా. కొన్ని కార్లలో మనుషులు ఉన్నారు. కొన్నిట్లో లేరు. అవి ఆగిపోయిన కార్లు, యజమానులు వదిలి వెళ్ళిపోయారు. ఒకటి సరిగ్గా చార్జర్ ముందుకు వచ్చి అక్కడే ఆగిపోయి, వెనకున్న రెండు చార్జర్లకు అడ్డంగా పడి ఉంది. దాన్ని నెడదామంటే చక్రాలకు తాళం పడిపోయింది. టో ట్రక్కు రావాలి. ఊరంతా టో ట్రక్కుల కోసం ఎదురు చూస్తున్న రోజది. పెట్రోలు కార్లు కూడా చలికి స్టార్ట్ కాక ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. అల్లుడు ఫోన్ చేసిన మొదటి స్నేహితుడి బండి పెట్రోలుదే, దాని బ్యాటరీ కూడా ఆ ఉదయం ప్రాణం విడిచింది. క్యాబ్ కోసం చూస్తే, దగ్గర్లో ఒక్కటీ లేదని చూపించింది. ఉన్న క్యాబుల్లో చాలా భాగం మా ముందు, మా వెనక క్యూలోనే ఉన్నాయి.

నిలబడి ఉన్న ఆ గంటల్లో మేం దేనికి భయపడ్డామో, ఎందుకు అలా జరుగుతుందో ఇక్కడే చెప్పేస్తాను. అల్లుడు కొంత చెప్పాడు, తర్వాత నేను చదువుకున్నది కొంత.

కరెంటు లెక్క మనకు యూనిట్లలో అలవాటు. ఆ కారు బ్యాటరీలో పట్టేది సుమారు 75 యూనిట్లు. లీటరు పెట్రోలులో దాదాపు తొమ్మిది యూనిట్ల శక్తి ఉంటుంది. అంటే నలభై లీటర్ల ట్యాంకు నింపుకున్న బండి 350 యూనిట్లకు పైగా మోసుకుని తిరుగుతుంది. అందులో మూడింట రెండు వంతులు చక్రాలకు చేరకుండా వేడిగా వృథా అవుతాయి. చలికాలంలో కారులోని మనుషులను కాపాడేది ఆ వృథా వేడే. ఇంజిన్ ఎలాగూ కాలుతుంది, ఆ సెగను లోపలికి మళ్ళిస్తారు, దానికి ఖర్చు లేదు. విద్యుత్ మోటారు దాదాపుగా ఏదీ వృథా చేయదు. అది దాని గొప్పతనం. మైనస్ ఇరవైలో అదే కష్టమై కూర్చుంటుంది. మనిషికి వెచ్చదనం కావాలన్నా, బ్యాటరీకి కావాలన్నా, ఇంటికి చేరాలన్నా ఆ 75 యూనిట్లలోంచే తీయాలి. కదలకుండా నిలబడ్డ కారులో హీటరు గంటకు మూడు యూనిట్లు లాగినా, ఐదు గంటలకు పదిహేను, అంటే నిండు బ్యాటరీలో ఐదో వంతు. మా దగ్గర ఉన్నది 17 శాతం.

లిథియం-అయాన్ బ్యాటరీకి 2019లో రసాయన శాస్త్ర నోబెల్ వచ్చింది. అప్పటికి నేనింకా ఉద్యోగంలోనే ఉన్నాను. గుడినఫ్, విటింగ్‌హామ్, యోషినో పేర్లు ఉదయం ప్రార్థన దగ్గర పిల్లలకు చెప్పి చప్పట్లు కొట్టించాను. ఆ బ్యాటరీలో చార్జింగ్ అంటే లిథియం అయాన్లు ద్రవంలో ఈది వెళ్ళి గ్రాఫైట్ పొరల మధ్య దూరడం. చలికి ఆ ద్రవంలో వాటి నడక మందగిస్తుంది, పొరల్లోకి దూరడం ఇంకా మందగిస్తుంది. ఆ స్థితిలో బలవంతంగా కరెంటు తోస్తే అయాన్లు లోపలికి పోకుండా గ్రాఫైట్ పైనే లోహంగా పేరుకుంటాయి. అలా పేరుకున్నదాంట్లో చాలా భాగం మళ్ళీ పనికిరాదు, ఎక్కువైతే లోపల షార్ట్ సర్క్యూట్‌కూ దారి తీస్తుంది. అందుకని కారులోని కంప్యూటరు ఒప్పుకోదు. ముందు బ్యాటరీని వేడి చేస్తుంది, ఆ తర్వాతే చార్జింగ్ తీసుకుంటుంది. ప్లగ్ పెట్టి చాలాసేపైనా శాతం పెరగకపోవడానికి కారణం అదే. బ్రేకు వేసినప్పుడు మామూలుగా కొంత కరెంటు వెనక్కి వస్తుంది, గడ్డకట్టిన బ్యాటరీ దాన్నీ పుచ్చుకోదు.

మామూలు రోజు అరగంటలో అయ్యే పని ఆ రోజు గంటన్నర పడుతోంది. అమెరికా ఆటోమొబైల్ అసోసియేషన్ 2019లో చేసిన పరీక్షలో మైనస్ ఏడు డిగ్రీల దగ్గర, హీటరు వేసుకుని నడిపితే విద్యుత్ కార్లు వెళ్ళగలిగే దూరం సగటున 41 శాతం తగ్గింది. మాది మైనస్ ఇరవై మూడు. అంటే ఒక్కో బండి చార్జర్ దగ్గర మూడింతల సేపు ఉంటోంది, అదే బండి మామూలు కన్నా దాదాపు రెండింతలు త్వరగా మళ్ళీ చార్జింగ్‌కు వస్తోంది. ఆ రెండూ హెచ్చవేస్తే క్యూ ఎందుకు రోడ్డు దాకా వచ్చిందో అర్థమవుతుంది. ఇందులో ఏ ఒక్కరి తెలివితక్కువతనమూ లేదు.

మేం హీటరు తగ్గించాం, తర్వాత ఆపేశాం. సీటు కింద వేడి మాత్రం ఉంచాం, దానికి తక్కువ ఖర్చవుతుంది. కాసేపటికి అద్దాల లోపలి వైపు మా ఊపిరి తెల్లగా పేరుకుని గడ్డకట్టింది. అమ్మాయి పాపను సీటులోంచి తీసి, స్వెటరు గుండీలు విప్పి, ఒంటికి ఒళ్ళు తగిలేలా గుండెకు హత్తుకుంది. పైన తన కోటు, దాని మీద నా కాశ్మీరు శాలువా, ఆ పైన దుప్పటి. అంత చిన్న బిడ్డలు మనలా వణికి వేడి పుట్టించుకోలేరు. అందుకని వణకడం లేదు కదా అని నిబ్బరంగా ఉండటానికి వీల్లేదు. నేను నిమిష నిమిషానికీ వేళ్ళు పెట్టి పాప మెడ వెనక తడిమి చూస్తూ కూర్చున్నాను. పాదాలు చల్లబడితే ఫరవాలేదు, మెడ, వీపు చల్లబడకూడదు. ముందు బండి కదిలినప్పుడల్లా పాపను మళ్ళీ సీటులో కట్టాలి. నాలుగు గజాలు జరగడానికి ఆ వెచ్చదనం అంతా విప్పాలి, మళ్ళీ కట్టాలి, మళ్ళీ విప్పాలి. అమ్మాయికి కుట్లు. అలా ఒంగి లేచిన ప్రతిసారీ పెదవి కొరుక్కునేది, మాట మాత్రం పైకి రానిచ్చేది కాదు. పాప పచ్చగా, మగతగా పడుకునే ఉంది. కామెర్ల పిల్లలు అలా మగతగా పడి పాలు మానేస్తారు, పాలు మానేస్తే కామెర్లు ఇంకా పెరుగుతాయి. అరికాలు గిల్లి లేపి పాలు పట్టించాం.

మాల్ తెరిచేదాకా అక్కడికి వెళ్ళి కూర్చునే దారీ లేదు. తెరిచాక కూడా, మధ్యలో ఉన్న ఆ బయలులో మంచును లేపుకుంటూ వీస్తున్న గాలికి ఎదురు పసిబిడ్డను ఎత్తుకుని నడవడానికి మా ముగ్గురిలో ఎవరికీ ధైర్యం చాలలేదు.

అక్కడ నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది ఒకటుంది. అంత పెద్ద స్టేషన్‌లో ఒక్క మనిషి లేడు. మన నారాయణగూడ చౌరస్తాలో ఏ పెట్రోలు బంకుకు వెళ్ళినా గొట్టం పట్టుకుని ఒకరు నిలబడి ఉంటారు. పంపు చెడిపోతే ఫలానా దాంట్లో రావట్లేదు అని చెయ్యి ఊపి చెబుతాడు, గొడవైతే లోపలి నుంచి మేనేజరు వస్తాడు. ఇక్కడ యంత్రాలు వరసగా నిలబడి ఉన్నాయి, వాటిలో ఏవి పని చేస్తున్నాయో ప్లగ్ పెట్టి చూసుకుంటే గాని తెలియదు. గంటలు నిరీక్షించి వంతు వచ్చినవాడు కేబుల్ లాగి తగిలిస్తే ఎర్ర దీపం వచ్చింది. పక్కదానికి మారదామంటే అక్కడి వరసలో వాళ్ళు ఒప్పుకోలేదు. ఫోన్‌లో సహాయ కేంద్రానికి చేస్తే సంగీతం వినిపించింది. యంత్రం చలికి ఆగిపోవడాన్ని నేను తప్పు పట్టను. నిలిచిపోయిందని చెప్పడానికి, ముందు ఎవరు, వెనక ఎవరు అని తేల్చడానికి అలాంటి రోజున ఒక మనిషిని కూడా పెట్టకపోవడాన్ని మాత్రం తప్పు పడతాను, ఇప్పటికీ.

చివరికి ఆ పని ఒక క్యాబ్ డ్రైవరు నెత్తిన వేసుకున్నాడు. నల్లజాతి యువకుడు. అద్దెకు తీసుకున్న విద్యుత్ కారు నడుపుతాడట. ఆ రోజు సంపాదన పోయింది, అద్దె మాత్రం కట్టాలి. అయినా తన కారు దిగి, ముఖమంతా గుడ్డ చుట్టుకుని, ఒక్కో కారు దగ్గరికి వెళ్ళి ఎంత శాతం ఉందో అడిగి, కాగితం ముక్కల మీద అంకెలు వేసి వైపర్ల కింద పెట్టాడు. ఎనభై దాకా నింపుకోవద్దు, నలభై రాగానే దిగిపోండి, వెనక వాళ్ళకు ఇవ్వండి అని అందరినీ బతిమాలాడు. ఎక్కువమంది విన్నారు. మా కారులోకి తొంగి చూసి పాపను గమనించి, ముందున్నవాళ్ళను అడిగి వచ్చాడు. ఒకావిడ తన వంతు మాకిచ్చేసింది. ఆవిడ ముందున్న పెద్దాయన ఇవ్వలేదు. ఆయన కారులో ఒక్క శాతమే ఉంది, ఇంకో పది నిమిషాలు ఆగితే అదీ శవమై అడ్డం పడేది. ఆయన అన్నదే న్యాయం.

మధ్యాహ్నం దాటాక నేపర్‌విల్ నుంచి అల్లుడి స్నేహితుడు మరొకతను పెట్రోలు కారులో వచ్చాడు. అతని బ్యాటరీని కూడా పొరుగింటి వాళ్ళ బండితో జంప్ స్టార్ట్ చేయించుకుని వచ్చాడట. పాప సీటు అతని కారులోకి మార్చి, అమ్మాయినీ పాపనూ ఎక్కించాం. ఆ తలుపు తీసినప్పుడు లోపలి నుంచి వచ్చిన వేడి నా ముఖానికి తగిలింది. ఆ క్షణాన నా కళ్ళలో నీళ్ళొచ్చాయి, రెప్పలకు అంటుకున్నాయి.

"అత్తయ్యా, మీరూ వెళ్ళిపోండి," అన్నాడు అల్లుడు.

"మీరొక్కరే ఎలా ఉంటారు బాబూ," అన్నాను. కారు దిగి ముందుకు వెళ్ళి మాట్లాడి రావడానికి ఒకరుండాలి, బండిలో ఒకరుండాలి. పైగా రెండు రాత్రులుగా అతనికి నిద్ర లేదు. హీటరు లేని కారులో ఒంటరిగా కూర్చుని నిద్రపోతాడేమో అన్నదే నా భయం. అమ్మాయి నావైపు చూసి తలూపింది. ఇంటి తాళాలు, కట్టుకుని తెచ్చిన మిరియాల చారు ఫ్లాస్కు తనకిచ్చేసి నేను ఉండిపోయాను.

తర్వాతి గంటల్లో పెద్దగా చెప్పడానికేమీ లేదు. కాళ్ళ వేళ్ళు మొదట మండాయి, తర్వాత తెలియడం మానేశాయి. బూట్లు తీసి ఒక్కో పాదాన్నీ తొడ కింద పెట్టుకుని కూర్చున్నాను. అతన్ని మాటల్లో పెట్టడానికి ఏవేవో అడుగుతూ పోయాను, అతని చిన్నప్పటి ఊరు, తెనాలి దగ్గర వాళ్ళ తాతగారి పొలం, కాలేజీ రోజులు. పెళ్ళైన ఇన్నేళ్ళలో మేమిద్దరం అంతసేపు మాట్లాడుకున్నది అప్పుడే. మా వంతు వచ్చేసరికి 6 శాతం. చార్జింగ్ మూత మంచుకు అతుక్కుపోతే అల్లుడు చేతి తొడుగు తీసి అరచెయ్యి ఆనించి కరిగించాడు. కేబుల్ కర్రలా బిగుసుకుపోయి వంగనంది, ఇద్దరం పట్టుకుని తిప్పి పెట్టాం. ఆకుపచ్చ దీపం వెలిగింది. తెర మీద 6 అలాగే ఉంది. చాలాసేపు 6 అలాగే ఉంది. కరెంటంతా బ్యాటరీని వెచ్చబెట్టడానికే పోతోంది. 7 చూసినప్పుడు అతను స్టీరింగ్ మీద తల ఆనించాడు. నలభై రాగానే తీసేశాం, వెనకున్న బండికి ఇచ్చాం. ఇంటికి చేరేసరికి రాత్రి అయింది. వేళ్ళు మామూలుగా రావడానికి రోజులు పట్టింది, ఎర్రగా కంది దురద పెట్టేవి.

మర్నాడు కనుమ. పొద్దున మళ్ళీ ఆసుపత్రి. స్నేహితుడు తన కారు మా ఇంటి ముందు పెట్టి వెళ్ళాడు, అందులోనే వెళ్ళాం. బిలిరుబిన్ తగ్గింది. రాసిచ్చిన కాగితాన్ని అమ్మాయి మడిచి పర్సులో పెట్టుకుంది.

ఆ వారం పత్రికల్లో, టీవీల్లో షికాగో చుట్టుపక్కల చార్జింగ్ స్టేషన్ల బొమ్మలు వచ్చాయి. ఓక్ బ్రూక్, ఎవర్‌గ్రీన్ పార్క్ లాంటి చోట్ల కార్లు వరసలో ఉండగానే ఆగిపోయాయని, ట్రక్కుల మీద ఎక్కించుకుపోయారని చూపించారు. విద్యుత్ కార్లు చలిదేశాలకు పనికిరావని చాలామంది అప్పుడే తీర్పు చెప్పేశారు. నేనా తీర్పుతో ఏకీభవించను. చలిదేశమే అయిన నార్వేలో 2024లో అమ్ముడైన కొత్త కార్లలో దాదాపు 89 శాతం విద్యుత్ కార్లే. అక్కడ ఎక్కువమంది ఇంటి దగ్గరే ప్లగ్ పెట్టుకుంటారు. రాత్రంతా ప్లగ్‌కు ఉన్న బండి తెల్లారేసరికి నిండి ఉంటుంది. బయలుదేరే ముందు లోపలినీ బ్యాటరీనీ వెచ్చబెట్టుకోవడం గోడలోని కరెంటుతోనే అయిపోతుంది, దాచుకున్నది ముట్టుకోనక్కర్లేదు. మేం క్యూలో చూసినవాళ్ళు ఎక్కువగా అద్దె ఇళ్ళవాళ్ళు, అద్దె కార్ల డ్రైవర్లు. చలి అందరికీ ఒకటే, ప్లగ్ అందరికీ లేదు.

అల్లుడు ఆ కారు అమ్మేయలేదు. ఆ వేసవిలో గ్యారేజ్ ఉన్న ఇంటికి మారి, 240 వోల్టుల పాయింట్ పెట్టించుకున్నాడు. 2025 జనవరిలో మళ్ళీ ధ్రువపు గాలి దిగిన రోజు అమ్మాయి వీడియో కాల్ చేసింది. పాప గోడ పట్టుకుని నిలబడి ఉంది. బండి గ్యారేజ్‌లో ప్లగ్‌కు ఉంది, 80 శాతం.

మా ఊరికి మైనస్ ఇరవై ఎప్పటికీ రాదు. ఏప్రిల్, మే నెలల ఎండకు బ్యాటరీ ఏమవుతుందన్నది మన సమస్య, అది వేరే కథ. కానీ లిఫ్ట్ దగ్గర అడిగేవాళ్ళను నేను తిరిగి అడిగే మొదటి ప్రశ్న ఒకటే: రాత్రి బండి ఎక్కడ పెడతారు, అక్కడ పాయింట్ ఉందా? అశోక్ నగర్ ఇరుకు సందుల్లో చాలామంది బళ్ళు వీధిలోనే నిలుపుతారు. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చోటుంది గాని మీటరు ఎవరి పేర పెట్టాలి, అద్దెకున్నవాళ్ళకు హక్కు ఉంటుందా అన్న దగ్గర అసోసియేషన్‌లో మాట తెగడం లేదు. అద్దెకున్నవాళ్ళకు కూడా ఇవ్వాల్సిందేనని నేను రాసి ఇచ్చాను. వచ్చే ఆదివారం మీటింగు, కింద సెల్లార్‌లోనే. ఈ రాసిందాన్నంతా అక్కడ చదివి వినిపిస్తాను.